మగ్గాలు ఆగిన బుధవారం

నాకు భయం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ధైర్యవంతురాలైన చెవిటి అమ్మాయి గురించి చదవాలని వచ్చినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మా కాలేజీ వార్షికోత్సవంలో ఒక పెద్దమనిషి నాకు శాలువా కప్పి, నా ధైర్యం గురించి చాలాసేపు మాట్లాడాడట. మైకు ఆయన నోటికి అడ్డంగా ఉండటంతో నాకు ఒక్క మాటా అందలేదు. ఆయన మాట్లాడినంతసేపూ నేను ఆ స్టేజీ మెట్లు పడిపోకుండా ఎట్లా దిగాలా అని వణుకుతూ నిలబడ్డాను.

రెండేళ్ళ వయసులో వచ్చిన జ్వరం నా వినికిడిని తీసుకుపోయింది. మాది ఎమ్మిగనూరు, నేతపని చేసే ఇల్లు. ముందు గదిలో నేలలోకి తవ్విన గుంటలో నాయన మగ్గం, వెనక గదిలో అమ్మ మగ్గం, రెండింటి మధ్య రాట్నం ముందు నూలు కండెలు చుడుతూ మా అవ్వ. వీధిలో అన్నీ ఇట్లాంటి ఇళ్ళే. ఇంట్లోవాళ్ళ మాటలు పెదవులు చూసి పట్టుకుంటాను. బయటివాళ్ళయితే రాసి చూపించాలి. చిన్నప్పుడు ఇచ్చిన చెవి మిషన్ తలనొప్పి తప్ప ఏమీ ఇవ్వలేదు. అది ఇప్పటికీ బీరువాలో డబ్బాతో సహా ఉంది.

ఊహ తెలిసినప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ నన్ను భయం పట్టుకునేది. పొద్దున కాస్త ఎండెక్కేసరికి గుండె గబగబా కొట్టుకోవడం మొదలయ్యేది. నా వెనక ఎవరో నిలబడినట్టు ఊరికే తిరిగి చూసేదాన్ని. అన్నం మింగుడు పడేది కాదు. అమ్మ గదిలోంచి బయటికి వెళితే మళ్ళీ రాదేమోనని కొంగు పట్టుకుని వెంట నడిచేదాన్ని. మర్నాటికి అంతా మామూలే. నవ్వుతూ బడికి పోయేదాన్ని.

అవ్వకు ఇందులో అనుమానమే లేదు. పిల్లకు గాలి సోకింది, అంతే. అమావాస్యకు వస్తుంది, పాడ్యమికి పోతుంది, ఇంతకంటే రుజువు ఏం కావాలి? దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. మంత్రాలయం తీసుకుపోయి తుంగభద్రలో మూడు మునకలు వేయించింది. నిమ్మకాయలతో దిష్టి తీసింది. వీధి పిల్లలు నాకు ఒక పేరు కూడా పెట్టారు. ఆకాశం వైపు వేలు చూపించి, అక్కడ చంద్రుడు లేడన్నట్టు చేయి ఊపేవాళ్ళు. అది నా పేరు. నేనేం తక్కువ తినలేదు, వాళ్ళ మీద రాళ్ళు విసిరేదాన్ని. కానీ నాకూ ఆ గాలి మీద నమ్మకం ఉండేది. పట్టింది నన్ను కదా, నమ్మక ఏం చేస్తాను?

బడి మా వీధి మొదట్లోనే. ఇంటరు కూడా ఊళ్ళోనే చదివాను, పిన్ని కూతురు నా పక్కనే కూర్చునేది, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్ళం. డిగ్రీ దగ్గర చిక్కు వచ్చింది. నాకు కంప్యూటర్లతో బి.కాం. చేయాలని ఉంది. రోజంతా స్క్రీను చూస్తూ పనిచేసే ఉద్యోగంలో ఎవరూ నన్ను వెనక నుంచి పిలవరని నా ఆశ. ఆదోనిలో ఒక కాలేజీలో వినపడని పిల్లలకు, నడవలేని పిల్లలకు సాయం చేసే గది ఒకటి కొత్తగా తెరిచారని తెలిసింది. నాయన రెండు వారాలు ఆలోచించి సరేనన్నాడు. అవ్వ మూడు రోజులు నా వైపు చూడలేదు.

హాస్టల్లో నాకు రెండో అంతస్తులో గది ఇచ్చారు. ఇనుప మంచం, సిమెంటు నేల. బస్సు దిగిన సాయంత్రమే అమావాస్య భయం వచ్చి నా పక్కన కూర్చుంది. కొత్త చోటు కదా అనుకున్నాను. మర్నాడు పోలేదు. ఆ మర్నాడూ పోలేదు. క్యాలెండర్ చూస్తే పున్నమి రెండు రోజుల్లో ఉంది. అప్పుడు నిజంగా హడలిపోయాను. నెలకొకసారి వచ్చిపోయే గాలి నాతో పాటే బస్సెక్కి వచ్చి ఆదోనిలో కాపురం పెట్టేసిందని నిర్ధారించుకున్నాను.

ఆ రెండు నెలలు ఎట్లా గడిచాయో ఇప్పుడు తలచుకున్నా అరచేతులకు చెమట పడుతుంది. స్నానం చేస్తూ మొహానికి సబ్బు రాసుకోవాలంటే భయం, కళ్ళు మూసుకోవాలి కనుక. క్లాసులో చివరి బెంచీలో గోడకు వీపు ఆనించి కూర్చునేదాన్ని. మంచాన్ని లాగి మూలకు నెట్టుకున్నాను. అయినా మూల వెనక ఏదో ఉన్నట్టే ఉండేది. భోజనం సగంలో వదిలేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంటికి తెలుస్తుంది. ఇంటికి తెలిస్తే తీసుకుపోతారు. పోతే మళ్ళీ రావడం ఉండదు, అవ్వ పక్కన రాట్నం ముందు పీట వేసుకోవడమే. ఉంటే భయం, పోతే ఇంకా భయం.

సాయం గది లైబ్రరీ పక్కన ఉండేది. మంగళవారం, శుక్రవారం ముగ్గురు వచ్చేవాళ్ళు. ఒక సారు వినికిడి చూసేవారు, సైగల భాష నేర్పేవారు. ఒక మేడం వ్యాయామాలు చేయించేది. ఇంకో మేడం మనసు సంగతులు అడిగేది, ఆమెను అందరూ కౌన్సిలింగ్ మేడం అనేవాళ్ళు. ముగ్గురికీ వేరే వేరే గదులు లేవు, ఒకటే పెద్ద బల్ల. ఒక్కో విద్యార్థికి ఒకటే ఫైలు, అందులోనే ముగ్గురూ రాసేవాళ్ళు. గదులు చాలక అట్లా చేశారని మేమంతా అనుకునేవాళ్ళం. కావాలనే అట్లా పెట్టుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

నా జ్వరం వినికిడితో పాటు నిలకడను కూడా కొంత తీసుకుపోయింది. నడిస్తే ఒక పక్కకు తూలుతాను. అందుకని వ్యాయామాల మేడం నన్ను కళ్ళు మూసుకుని నిలబడమంది. మూసుకున్నాను. తర్వాత ఏమైందో తెలియదు, కళ్ళు తెరిచేసరికి గదిలో అందరూ నా వైపు తిరిగి ఉన్నారు, కాలికి కట్లు కట్టుకున్న అబ్బాయి చేతిలోని బంతి కింద పడి ఉంది. నేను కేక పెట్టానని వాళ్ళ మొహాలు చూసి అర్థం చేసుకున్నాను. కౌన్సిలింగ్ మేడం దగ్గరికి వచ్చి కాగితం మీద, "దేనికి భయం?" అని రాసింది. నేను, "ఏమీ లేదు, భోజనం బాగుంది, స్నేహితులు ఉన్నారు" అని రాసిచ్చాను. ఆమె ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టుకుంది.

పత్తి రోజులు మొదలయ్యాయి. కాలేజీ నుంచి హాస్టల్‌కు వచ్చే దారిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు ఒకటి ఉంది. ఒక మధ్యాహ్నం పత్తి ట్రాక్టర్లు దారి మూసేస్తే పక్కకు తప్పుకుని ఆ మిల్లు గోడకు ఆనుకున్నాను. భయం పోయింది. తగ్గడం కాదు, పోయింది. రెండు నెలల తర్వాత మొదటిసారి ఊపిరి కడుపు దాకా దిగింది. చెప్పులు విప్పి నేల మీద కాళ్ళు పెట్టాను. ఆకలి వేసింది. నాకు ఏడుపు వచ్చింది, అక్కడే నిలబడి ఏడ్చాను.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం క్లాసు ఎగ్గొట్టి ఆ గోడ దగ్గరికి పోయేదాన్ని. జుట్టు నిండా దూది పట్టేది. ఒంటరి ఆడపిల్ల రోజూ ఒకే చోట గంటసేపు నిలబడితే లోకం ఊరుకుంటుందా? మిల్లు కాపలామనిషి కాలేజీకి చెప్పాడు. ఎవడి కోసమో కాపు కాస్తోందని క్లాసులో మాట పుట్టింది. హాస్టల్ వార్డెన్ నాయనకు ఫోను చేసింది. ఆ సంగతి వార్డెన్ నాకు రాసి చూపించిన క్షణం నుంచి నాయన వచ్చేదాకా నేను నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

మంగళవారం పొద్దున నాయన వచ్చాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా దూది జుట్టు చూసి, నా చేతులు పట్టుకుని చూసి, "ఇట్లా సిక్కిపోయినావేందిమ్మా. పోదాం పా, సంచి సర్దుకో" అన్నాడు. నేను కదల్లేదు. కౌన్సిలింగ్ మేడం వచ్చి, పోయే ముందు పది నిమిషాలు కూర్చోమని నాయనను బతిమాలింది.

అందరం ఆ పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నాం. నాయన ఒడిలో చేతిసంచి దించకుండా కూర్చున్నాడు. వాళ్ళ మాటలను సారు సైగలతోనూ, రాసీ నాకు అందిస్తూ వచ్చారు. నాయన దాచలేదు, అమావాస్య సంగతి మొత్తం చెప్పేశాడు. నేను తల వంచుకున్నాను. ఇన్నాళ్ళు దాచుకున్న గాలి బల్ల మీదికి వచ్చేసింది, ఇక వీళ్ళు కూడా నన్ను చూసి భయపడతారనుకున్నాను.

సారు మాత్రం, "అమావాస్య రోజు మీ ఇంట్లో ఏం జరుగుతుంది?" అని అడిగారు.

"ఏం జరుగుతాది సార్, ఏం జరగదు. అమావాస్యకు నేతోళ్ళం మగ్గం తొక్కం. వీధి వీధంతా సెలవే."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వ్యాయామాల మేడం ఫైలు తన వైపు తిప్పుకుని, తను రాసిన వాక్యం మీద వేలు పెట్టింది. చెప్పులు వేసుకుంటే తూలుతోంది, విప్పితే నిలబడుతోంది అని అందులో ఉంది. దాని కిందే కౌన్సిలింగ్ మేడం రాసుకున్నది ఉంది, మిల్లు గోడ దగ్గర ఎందుకు ఉంటుందో అడగాలి అని. సారు ఒక కాగితం నా ముందుకు తోశారు. "మగ్గం చప్పుడు నీకు తెలుస్తుందా?"

నేను రాశాను. "చప్పుడు తెలియదు. మగ్గం తెలుస్తుంది."

సారు అడిగినకొద్దీ మిగతాదీ రాసిచ్చాను. అది కాళ్ళలోంచి వస్తుంది. పోగును దగ్గరికి తెచ్చి కొట్టే ప్రతి దెబ్బా నేలలో నడిచి వచ్చి మడమల్లో తగులుతుంది. నాయనది బరువుగా, అమ్మది గబగబా, ఎదురింటి పెద్దాయనది ఆగి ఆగి. ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరు లేచారో చూడకుండానే నాకు తెలిసేది. ఇందులో చెప్పడానికి ఏముందో నాకు తోచలేదు. నేలంటేనే అట్లా ఉంటుందని, అందరికీ అట్లాగే ఉంటుందని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చాను. రాత్రి మగ్గాలు ఆగినప్పుడు అవ్వ పక్కన ఆనుకుని పడుకునేదాన్ని, ఆమె ఊపిరి నా వీపుకు తగిలేది. పండగలకు మగ్గాలు ఆగినా ఇంటి నిండా చుట్టాలు తిరిగే అడుగులు ఉండేవి. పనీ లేక, చుట్టాలూ లేక నేల మొత్తం ఊరుకునేది అమావాస్య పగలు ఒక్కటే. ఆదోనిలో యంత్రాలు అదిరే ఆ మిల్లు గోడ దగ్గర తప్ప నేల రోజూ ఊరుకునే ఉండేది.

నాయన ఒప్పుకోలేదు. "మద్యానం బువ్వకు నేను మగ్గం ఆపుతాను గదా, అప్పుడేం బెదరదే?"

"మీరు ఆపితే పక్కింటిది ఆగదు కదా" అంది కౌన్సిలింగ్ మేడం.

నాయన చేతిసంచి సర్దుకుని, "ఇవన్నీ మా యమ్మకు యాడ ఎక్కుతాయి మేడం" అన్నాడు. ఆమె వదల్లేదు. రేపు బుధవారం, అమావాస్య కాదు, మీ వీధి మగ్గాలన్నీ ఒక్క పది నిమిషాలు ఆపించగలరా అని అడిగింది. మిట్టమధ్యాహ్నం రైలు ఆపమన్నట్టు చూశాడు నాయన. ఆమె నా వైపు తిరిగి, "నీకు ఇష్టమైతేనే. వద్దంటే వద్దు" అని రాసింది. నాయన ఒక షరతు పెట్టాడు. మగ్గాలు ఆగినా నేను మామూలుగా ఉంటే అది గాలే, ఇక నేను ఇంట్లోనే ఉండాలి. నేను తల ఊపాను.

బుధవారం నాయనా, నేనూ, కౌన్సిలింగ్ మేడం ఎమ్మిగనూరు బస్సెక్కాం. ఆమె ఆ రోజు సెలవు పెట్టుకుని వచ్చింది. నా పక్కన కూర్చుని దారి పొడవునా పత్తి చేలు చూస్తూ ఉంది. నాకు అప్పుడు ఒక కొత్త భయం మొదలైంది. ఎప్పుడూ రావద్దని మొక్కుకున్న భయం ఈ రోజు రాకపోతే? ముందే తెలిసిన సంగతికి ఎవరు బెదురుతారు? భయపడకపోతే నా చదువు అయిపోయినట్టే. బస్సు దిగేసరికి నా రవిక మొత్తం తడిసిపోయింది.

నాయన ఇల్లిల్లూ తిరిగాడు. ఏం మాట్లాడుకున్నారో తర్వాత అమ్మ చెప్పింది. పగటిపూట వీధి మగ్గాలన్నీ ఆగాలంటే ఎవరన్నా పోవాలి, లేకపోతే అమావాస్య కావాలి. పక్కింటాయన మొహం మీదే అడిగాడట, "పట్టపగలు మగ్గం ఆపమంటాండావే, ఎవరన్నా సచ్చినారాన్నా?" అని. ఎదురింటి పెద్దాయన అసలు కుదరదన్నాడట. నాయన ఆయన గడప దగ్గరే నిలబడి, "నా బిడ్డ సదువు దీనిమీదుంది. నీ కాళ్ళు మొక్కుతా సిన్నాయనా" అన్నాడట. మా నాయన ఎవరి కాళ్ళూ మొక్కే మనిషి కాదు.

అవ్వ మాత్రం నన్ను చూసి ఒకటే మాట అంది. "మగ్గం ఆడినా ఆగినా అది గాలే. తెచ్చినారు గదా, ఇంక యాడికీ పంపొద్దు."

నన్ను వెనక గదిలో గోడకు మొహం పెట్టి కూర్చోబెట్టారు. నా వెనక అమ్మ మగ్గం. ఎప్పుడు ఆపుతారో నాకు చెప్పలేదు. చేతిలో కంప్యూటర్ నోట్సు పెట్టుకున్నాను, ఒక్క ముక్కా ఎక్కలేదు. నేల కింద అమ్మ ఉంది, నాయన ఉన్నాడు, పక్కిల్లు ఉంది, ఆ చివర సందుదాకా అందరూ ఉన్నారు. అరగంట అయిందో, గంట అయిందో. భయం రాలేదు. రా, రా అని లోపల పిలిచాను. పుట్టి బుద్ధెరిగాక భయం కోసం ఎదురుచూసింది ఆ ఒక్కరోజే. రాకపోవడం చూసి, ఇక అయిపోయింది అనుకున్నాను.

దూరం నుంచి మొదలైంది. సందు చివరి ఇల్లు పోయింది. తర్వాత దాని పక్కది. ఒక్కొక్కరే నేలలోంచి లేచి వెళ్ళిపోతున్నారు. ఎదురింటాయన చాలాసేపు ఉన్నాడు, ఆగి ఆగి కొడుతూ, ఆయన కూడా పోయాడు. నాయన పోయాడు. నా వెనక రెండు మూరల దూరంలో ఉన్న అమ్మ కూడా పోయింది.

వెనక్కి తిరిగి చూస్తే అమ్మ మగ్గం గుంటలో కూర్చునే ఉంది. నన్నే చూస్తోంది. కళ్ళకు కనిపిస్తోంది, అయినా లేదు. అమ్మ ఉందని నా ఒళ్ళు నమ్మలేదు. నోట్సు ఎప్పుడు పడిపోయిందో తెలియదు, గోడలు తడుముకుంటూ ముందు గదిలోంచి పరుగెత్తాను. వీధి గుమ్మం పట్టుకుని ఆగినప్పుడు పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

వీధిలో అందరూ బయటికి వచ్చి ఉన్నారు. మగ్గాలు ఆపి, చేతులకు పోగుల నూగుతోనే ఎవరి గడప మీద వాళ్ళు నిలబడి నన్ను చూస్తున్నారు. నన్ను చంద్రుడు లేని సైగతో పిలిచినవాళ్ళు ఇప్పుడు మీసాలు పెంచుకుని వాళ్ళ నాయనల పక్కన నిలబడి ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. పక్కింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయట మంచి ఎండ కాస్తోంది, అమావాస్యకు ఇంకా వారం పైనే ఉంది.

అవ్వ నా వెనకే వచ్చింది. నా మొహం చూసింది. ఈ మొహాన్ని నెలనెలా చూసిన మనిషి ఆమె. మెల్లగా కిందికి వంగి, గచ్చు మీద అరచేయి ఆనించింది. పోయిన సూదిని వెతుకుతున్నట్టు కాసేపు అక్కడా ఇక్కడా పెట్టి చూసింది. తర్వాత అట్లాగే కూలబడి, "ఇంతేనా తల్లీ" అంది. "ఇంతేనా. నిన్ను ఏట్లో ముంచితినే." ఆమె ఏడవడం చూసి నాకు భయంతో పాటు కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

ఎదురింటి పెద్దాయనకు ఇది చూడబుద్ధి కాలేదు. చేయి విదిలించి, మగ్గంలోకి దిగడానికి లోపలికి తిరిగాడు. ఆయన దిగితే చాలు, మొదటి దెబ్బ పడితే చాలు, నేను మళ్ళీ మనిషినవుతాను. దిగు, దిగు అని ఆయన వీపు వైపే చూస్తున్నాను. నాయన వీధి మధ్యకు వచ్చి చేయెత్తాడు.

"ఆగు సిన్నాయనా. ఆదోనిలో దీనికి మగ్గం యాడుంటాది? ఇంకాసేపు ఉండనీ."

ఆ మాట ఆయన పెదవుల మీద చూసి నాయనను కొట్టాలనిపించింది. నాయన వచ్చి గడప మీద నా పక్కన కూర్చున్నాడు. నన్ను పట్టుకోలేదు. మేడం దూరంగా నిలబడి ఉంది, దగ్గరికి రాలేదు. వీధంతా అట్లాగే నిలబడింది. భయం తగ్గలేదు. వస్తూ ఉంది, వస్తూ ఉంది, కానీ నేను గుమ్మం వదిలి కూర్చోగలిగాను. కూర్చున్నాక పళ్ళు కొట్టుకోవడం ఆగింది. నేల కింద ఎవరూ లేకుండా అంతసేపు ఉండటం నాకు అదే మొదటిసారి.

చాలాసేపటికి నాయన తన మొహం నా వైపు తిప్పాడు, పెదవులు నాకు బాగా కనిపించేట్టు.

"పొద్దున ఎన్ని గంటల బస్సుకు పోతావమ్మా?"

నేను ఏడు వేళ్ళు చూపించాను. అవి వణుకుతున్నాయి. నాయన వాటిని ఒక్కొక్కటే తాకి లెక్కపెట్టుకుని, "ఏడుకా, సరే" అన్నాడు.